జర్మనీలో ఆపరేషన్, చిత్తూరులో అన్నం

ఈ మధ్య తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ నాకు ఫోన్ చేసి అడిగేది ఒకటే. "అన్నా, మీరు ఫారిన్‌లో చేయించుకున్నారంట కదా, మా మామకి కూడా అదే వచ్చింది, ఉన్నది అమ్మైనా సరే అక్కడికే పంపిద్దామా?" అని. ఒక్కొక్కరికీ అరగంట చెప్పాలంటే కష్టంగా ఉంది, ఎక్కువ మాట్లాడితే ఇప్పటికీ దగ్గు తెర వస్తుంది, అందుకని అంతా ఒకేసారి రాసి పెడుతున్నా. నేను డాక్టర్ని కాను. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లెక్కలు రాసి రిటైరైనవాణ్ణి. కాబట్టి ఇందులో వైద్యం కంటే లెక్క ఎక్కువ కనబడితే ఏమనుకోవద్దు.

నాకొచ్చింది అన్నవాహిక క్యాన్సర్. గొంతు నుంచి పొట్ట దాకా అన్నం దిగే గొట్టం, పెద్దవాళ్లలో సుమారు 25 సెంటీమీటర్లు ఉంటుంది. నా గడ్డ దాని అడుగున, పొట్టతో కలిసే చోట. మా చిత్తూరు వైపు సంగటి తినేవాళ్లకి ఈ జబ్బు నిజానికి తొందరగా తెలియాలి, ఎందుకంటే సంగటిని ఎవరూ నమలరు, ముద్ద తుంచి పులుసులో అద్ది గుటుక్కున మింగడమే. ఆ ముద్ద రొమ్ము ఎముక వెనకాల ఎక్కడో నిలబడిపోయి, నీళ్లు తాగితే గానీ దిగకపోవడం మొదలైంది. తర్వాత ఇడ్లీ. ఆ తర్వాత మెత్తగా పిసికిన పెరుగన్నం కూడా. గట్టివి ముందు, మెత్తవి తర్వాత, చివరికి నీళ్లు, ఇదే దీని వరస. బరువు తగ్గుతుంటే షుగర్ వచ్చిందేమో అన్నారు చూసినవాళ్లంతా.

ఈ జబ్బులో ముఖ్యంగా రెండు రకాలు. మన దేశంలో ఎక్కువగా చూసేది స్క్వామస్ రకం, దానికి పొగాకు, వక్క, మద్యం, మరీ వేడివేడిగా తాగే అలవాటు కారణాలు. 65 డిగ్రీలు దాటిన వేడి పానీయాలు క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లోనే చెప్పింది. పొయ్యి మీద నుంచి దించిన కాఫీని ఊదకుండా తాగి అదో గొప్పగా చెప్పుకునేవాళ్లు మా బజార్లో ఎంతమందో. నాది రెండో రకం, అడినో కార్సినోమా. పొట్టలో యాసిడ్ ఏళ్ల తరబడి పైకి తన్నుతూ ఉంటే గొట్టం అడుగున లోపలి పొర మారిపోయి వచ్చేది. పులితేన్పులు, గుండెల్లో మంట, పొద్దున్నే పరగడుపున ఒక గ్యాస్ మాత్ర, ఇది నాకు చాలా ఏళ్ల వ్యవహారం. ఈ రకం అమెరికా, యూరప్ వైపు ఎక్కువంట. "జబ్బు కూడా ఫారిన్‌దే పట్టావు బావా" అన్నాడు మా బావమరిది, ఆసుపత్రి వరండాలో నిలబడి. అప్పుడు నవ్వు రాలేదు గానీ ఇప్పుడు తలుచుకుంటే వస్తుంది.

తిరుపతిలో నోట్లోంచి కెమెరా గొట్టం వేసి చూశారు, ముక్క తీసి పరీక్షకి పంపారు, ఆ తర్వాత ఒళ్లంతా పెట్ స్కాన్. లివర్‌కి గానీ ఊపిరితిత్తులకి గానీ పాకలేదు, ఆపరేషన్‌కి పనికొస్తుంది అన్నారు. ఇక ఎక్కడ చేయించుకోవాలి అన్నది పెద్ద రభస అయింది ఇంట్లో.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. చిత్తూరు నుంచి వెల్లూరు గంట దారి. 1900లో ఐడా స్కడర్ అనే ఆవిడ మొదలుపెట్టిన సీఎంసీ ఆసుపత్రి అక్కడుంది. బెంగాల్ నుంచి, అస్సాం నుంచి, బంగ్లాదేశ్ నుంచి జనం రైళ్లలో కాట్పాడి వచ్చి దిగుతారు, ఆసుపత్రి చుట్టుపక్కల వీధుల్లో లాడ్జీల బోర్డులు బెంగాలీలో ఉంటాయి. ఇటు తిరుపతిలో అలిపిరి దగ్గర టీటీడీ స్థలంలో టాటా ట్రస్టులు కట్టిన క్యాన్సర్ ఆసుపత్రి 2022లో తెరిచారు. చెన్నై వెళ్తే ముత్తులక్ష్మి రెడ్డి 1954లో స్థాపించిన అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్. అంటే ఎక్కడెక్కడి వాళ్లో మూటాముల్లె కట్టుకుని మా దగ్గరికి వస్తుంటే, నేను మాత్రం వీటన్నిటినీ దాటి చెన్నైలో విమానం ఎక్కాను. కారణం వైద్యం కాదు. నా కూతురు.

మాకు ఒక్కతే పిల్ల. దక్షిణ జర్మనీలో ఉద్యోగం, చంకలో చంటిబిడ్డ. "నాన్నా, నేను వస్తే మూడు వారాలకంటే ఉండలేను, ఈ ఆపరేషన్ మూడు వారాల్లో తేలేది కాదు, నువ్వే ఇటు రా, అమ్మ కూడా వస్తుంది, నా కళ్ల ముందు ఉంటావు" అంది. నేను వద్దన్నా. మా ఇంటావిడ ఏమీ అనలేదు, మర్నాడు బైపాస్ దగ్గరున్న స్థలం కాగితాలు బీరువాలోంచి తీసి టేబుల్ మీద పెట్టింది. అంతే.

అయితే ఊరికే ఆవేశంగా పోలేదు. మా అమ్మాయి నాలాగే లెక్కల మనిషి. అక్కడ ఒక రూలు ఉంది, అన్నవాహిక తీసేసే పెద్ద ఆపరేషన్ చేయాలంటే ఆ ఆసుపత్రిలో ఏడాదికి కనీసం 26 జరుగుతుండాలి. అంతకుముందు ఆ సంఖ్య పదే ఉండేది, 2023 నుంచి పెంచారు. అంతకన్నా తక్కువ చేసేవాళ్లు మామూలుగా ముట్టుకోకూడదు. ఎందుకంటే ఈ ఆపరేషన్‌లో కత్తి పట్టే డాక్టరు ఒక్కడు బాగుంటే సరిపోదు, ఐదో రోజు రాత్రి రెండు గంటలకి రోగికి జ్వరం వస్తే అది మామూలు జ్వరమా, లోపల కుట్టు వదిలిందా అని అనుమానపడగలిగే నర్సు ఉండాలి, ఆ రాత్రికే స్కాన్ తీసి చూసేవాళ్లు ఉండాలి. అది చేసి చేసి వచ్చే అలవాటు. నన్ను ఏ దేశం మంచిది అని అడిగేవాళ్లకి నేను చెప్పేది ఇదే, దేశం పేరు వదిలేయండి, "మీ దగ్గర ఈ ఆపరేషన్ ఏడాదికి ఎన్ని చేస్తారు?" అని అడగండి. వెల్లూరులోనూ అడగొచ్చు, ముంబై టాటా మెమోరియల్‌లోనూ అడగొచ్చు, హైదరాబాద్‌లో అద్దాల బిల్డింగుల్లోనూ అడగొచ్చు. సూటిగా జవాబు చెప్పనివాళ్ల దగ్గర కాఫీ తాగి వచ్చేయండి.

కీమో మాత్రం ముందు ఇక్కడే వెల్లూరులో తీసుకున్నా. దాని పేరు ఫ్లాట్ (FLOT), నాలుగు మందుల కలయిక, రెండు వారాలకోసారి, ఆపరేషన్‌కి ముందు నాలుగు, తర్వాత నాలుగు. ఈ పద్ధతి జర్మన్లదే. నాలాంటి రకానికి కీమోతో పాటు కరెంటు (రేడియేషన్) పెట్టడం మంచిదా, ఉత్త ఫ్లాటే మంచిదా అని వాళ్లు 438 మంది మీద పోల్చి చూశారు, ఈసోపెక్ అంటారు ఆ ప్రయోగాన్ని, ఫలితం 2024లో బయటికొచ్చింది. ఫ్లాట్ తీసుకున్నవాళ్లకి 66 నెలలు, రెండోవాళ్లకి 37. ఇది సగటు కాదు, మధ్యలో నిలబడ్డవాడి లెక్క, అంటే సగంమంది అంతకంటే ఎక్కువే బతికారని. ఈ రెండు ముక్కలూ విన్నాకే నాకు కొంచెం ధైర్యం వచ్చింది. అదే మందు, అదే డోసు, వెల్లూరులో ఎక్కించుకున్నా జర్మనీలో ఎక్కించుకున్నా తేడా ఏముంటుంది? నోరు పుళ్లు, కాళ్లు తిమ్మిర్లు, చల్లనీళ్లు ముట్టుకుంటే వేళ్లలో కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం, అన్నీ అయ్యాయి. జుట్టు మొత్తం రాలిపోయింది. నయమైతే తిరుమలలో గుండు చేయిస్తానని మా ఇంటావిడ నా తరఫున మొక్కుకుని ఉంది, స్వామికి ఇవ్వాల్సింది ముందే కీమో తీసేసుకుంది.

డబ్బు సంగతి. విదేశానికి ఒక మనిషి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల వరకూ పంపొచ్చు, వైద్యానికి కూడా అదే దారి. అప్పట్లో ఏడు లక్షలు దాటిన మొత్తం మీద బ్యాంకువాళ్లు 5 శాతం టీసీఎస్ అని ముందస్తు పన్ను పట్టుకునేవాళ్లు, 2025 ఏప్రిల్ నుంచి ఆ హద్దుని పది లక్షలు చేశారు. పట్టుకున్నది రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది, కానీ ఆ రోజుకి మాత్రం చేతిలోంచి పోతుంది, ఆ డబ్బు కూడా లెక్కలో పెట్టుకోవాలి. యూరప్ వెళ్లే షెంగెన్ వీసాకి 30,000 యూరోల ఇన్సూరెన్స్ తప్పనిసరి, అది చూసి చాలామంది ఆపరేషన్‌కి కూడా పనికొస్తుందనుకుంటారు. రాదు. అనుకోకుండా వచ్చే జబ్బుకే అది, వైద్యం కోసమే వెళ్లేవాడికి ఆ వైద్యానికి పైసా ఇవ్వరు. వీసా 90 రోజులకి, అది కూడా గుర్తుంచుకోండి, కింద దీనితో పని పడింది.

ఆసుపత్రి వాళ్లు ముందు ఒక అంచనా కాగితం పంపారు. మొత్తం ముందే కట్టమన్నారు, కట్టాం. నేను ప్రైవేట్ క్లినిక్ అంటే ఊరి బయట తోటలో ఉండే ఐదు నక్షత్రాల హోటల్ లాంటిది ఊహించుకున్నా. వెళ్లి చూస్తే అదొక పెద్ద ఆసుపత్రి ఆవరణలోనే ఒక భాగం. ఆపరేషన్ థియేటర్ అదే, సర్జన్ ఆయనే, ఐసీయూ అదే. నాకు విడి గది, గోడకి మంచి బొమ్మ, పెద్ద డాక్టరు స్వయంగా వచ్చి చూడటం, ఇదీ అదనం. ఐసీయూలో నా పక్క మంచం మీద ఉన్నాయన అక్కడ సిటీ బస్సు డ్రైవరంట, మా అమ్మాయి మాటల్లో పెట్టి కనుక్కుంది. ఆయనకీ అదే ఆపరేషన్, అదే సర్జన్, ఇన్సూరెన్స్ కార్డు చూపించి పడుకున్నాడు. నేను స్థలం అమ్మి పడుకున్నా. ఏడుపు రాలేదు గానీ, జీవితమంతా అకౌంట్లు రాసినవాడికి ఆ రెండు మంచాలూ పక్కపక్కనే చూడటం కొంచెం కష్టమే.

ఆపరేషన్ గురించి నాకు అర్థమైనంత చెప్తా. గడ్డ ఉన్న గొట్టాన్ని, చుట్టూ ఉన్న లింఫ్ గ్రంథుల్ని తీసేస్తారు. మరి అన్నం ఎట్లా దిగుతుంది? పొట్టనే నిలువునా కత్తిరించి సన్నటి గొట్టంలా చేసి, దాన్ని పైకి ఛాతీలోకి లాగి, మిగిలిన అన్నవాహికకి కుడతారు. ముందు కడుపు వైపు పని, తర్వాత కుడివైపు పక్కటెముకల సందులోంచి ఛాతీ పని, ఆ సమయంలో కుడి ఊపిరితిత్తిని గాలి తీసి అణిచిపెట్టి ఒక్క ఊపిరితిత్తితోనే శ్వాస నడిపిస్తారు. ఐవర్ లూయిస్ అనే వేల్స్ దేశపు సర్జన్ 1946లో ఈ పద్ధతి చెప్పాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. అంతకుముందు 1913లో న్యూయార్క్‌లో ఫ్రాంజ్ టోరెక్ అనే ఆయన ఒక ముసలావిడకి ఛాతీలోని అన్నవాహిక తీసేశాడు, కానీ పొట్టని పైకి లాగి కుట్టడం అప్పటికి రాదు కాబట్టి మెడ దగ్గర ఒక రంధ్రం, పొట్ట మీద ఒక రంధ్రం, రెంటికీ మధ్య ఒంటి బయట ఒక రబ్బరు గొట్టం. ఆవిడ భోజనానికి కూర్చున్నప్పుడల్లా ఆ గొట్టం తగిలించుకునేది. అలా పదేళ్లకి పైగా బతికిందంట. ఆసుపత్రి మంచం మీద ఈ కథ చదివి మా ఇంటావిడకి చెప్తే, "అట్లాంటివి నాకు చెప్పొద్దండీ" అని బయటికి వెళ్లిపోయింది. నాకైతే భలే ధైర్యం ఇచ్చింది ఆ ముసలావిడ.

ఆపరేషన్‌కి ముందు రోజూ నడవమన్నారు, మూడు బంతుల పరికరం ఒకటి ఇచ్చి గాలి పీల్చి బంతులు లేపమన్నారు. అది తేలిగ్గా తీసుకోకండి. తర్వాత నిమోనియా రాకుండా కాపాడేది ఆ బంతులే. ఆపరేషన్ మర్నాడే లేపి కుర్చీలో కూర్చోబెట్టారు, ఒంటి నిండా గొట్టాలు, వీపులో నొప్పి మందు గొట్టం, పక్కటెముకల్లో ఒకటి, ముక్కులో ఒకటి, పొట్ట మీద పేగులోకి ఒకటి. ఆ చివరిదే తర్వాత నా అన్నం కుండ అయింది.

ఎందుకంటే కుట్టు లీకయింది. జ్వరం వచ్చింది, గుండె దడ, రక్తంలో ఏదో లెక్క పెరిగింది, వెంటనే స్కాన్, వెంటనే గొట్టం వేసి చూస్తే పొట్టనీ అన్నవాహికనీ కలిపిన చోట చిన్న చిల్లు. మంచి ఆసుపత్రుల్లో కూడా దాదాపు పది మందిలో ఒకరికి అవుతుందంట. కారణం చెప్పారు. పొట్టని గొట్టంగా చేసి పైకి లాగేటప్పుడు దానికి రక్తం ఇచ్చే నాళాల్లో చాలావరకు కోసేయాలి, కుడివైపు నుంచి వచ్చే ఒక్క నాళం మీదే అదంతా బతకాలి, పై కొసకి రక్తం చాలకపోతే కుట్టు మానదు. దీనికి వాళ్లు చేసింది నాకు వింతగా అనిపించింది. ఒక చిన్న స్పాంజి ముక్కని సన్న గొట్టం చివర బిగించి, గొంతులోంచి దింపి చిల్లు దగ్గర పెట్టి, రెండో కొస ముక్కులోంచి బయటికి తీసి పంపుకి కలిపారు. అది రాత్రింబగళ్లు లోపలి చీముని, తడిని పీలుస్తూ ఉంటుంది. మూడు నాలుగు రోజులకోసారి మత్తిచ్చి స్పాంజి మార్చాలి. మళ్లీ ఛాతీ తెరవకుండానే చిల్లు మూసుకుపోయింది. ఈ పద్ధతిని పెంచి పోషించింది జర్మనీ సర్జన్లేనంట. ఇక్కడ మాత్రం ఫారిన్ వచ్చింది మంచిదే అనిపించింది, దాచుకోను. ఇలాంటిది మన పెద్ద ఆసుపత్రుల్లోనూ చేస్తున్నారని తర్వాత వెల్లూరులో చెప్పారనుకోండి.

ఆ స్పాంజి రోజుల్లో నోటితో చుక్క నీళ్లు కూడా లేవు. పేగులోకి పంపుతో పాలలాంటిది ఎక్కిస్తారు, ఆకలి ఉండదు, కానీ నాలుక ఊరుకోదు కదా. సాయంత్రం ఐదున్నరకే బండి మీద పక్క గదుల వాళ్లకి రొట్టె ముక్కలూ జున్నూ వెళ్లేవి, అక్కడ రాత్రి భోజనం అంటే అదే, పొయ్యి వెలిగించిన వంట కాదు. ఆ చప్పిడి రొట్టెని చూసి కూడా నాకు నోట్లో నీళ్లూరేవంటే అర్థం చేసుకోండి. మా ఇంటావిడ పగలంతా కుర్చీలో కూర్చునేది. నర్సులతో మాట్లాడటానికి మా అమ్మాయి ఫోన్లో అనువాదం పెట్టి ఇచ్చింది, వాళ్లు చెప్పింది బాగానే తెలుగులోకి వచ్చేది, ఈమె చెప్పే చిత్తూరు మాట మాత్రం దానికి ఎక్కేది కాదు. చివరికి ఇద్దరూ చేతి సైగలతో బాగా దోస్తీ అయ్యారు. రాత్రి ఎనిమిదికి మా అమ్మాయి ఆఫీసు నుంచి, బిడ్డని ఎవరికో అప్పగించి పరిగెత్తుకొచ్చేది. పక్కన కూర్చుని ఏమీ మాట్లాడేది కాదు, లాప్‌టాప్ తీసి తన పని తను చేసుకునేది. నేను అర కోటి పెట్టి కొనుక్కున్నది అదే. ఇది అందరికీ అక్కర్లేకపోవచ్చు, నాకు కావలసి వచ్చింది. పిల్లలు అక్కడ లేకుండా, ఏజెంటు మాట నమ్మి, భార్యాభర్తలు ఇద్దరే వెళ్తామంటే మాత్రం వద్దనే చెప్తా. ఆ స్పాంజి వారాలు ఒక్కడినే అయితే నేను ఏమైపోయేవాణ్ణో.

బిల్లు సంగతి ఇప్పుడు. అంచనా అంటే అంచనాయే, అదే ఖరారు కాదని ఆ కాగితంలోనే చిన్న అక్షరాల్లో రాసి ఉంది. లీకు వల్ల ఐసీయూ పెరిగింది, స్పాంజి మార్చిన ప్రతిసారీ ఒక పద్దు. అక్కడ ప్రైవేట్ రోగికి డాక్టర్ల ఫీజు ఒక ప్రభుత్వ పట్టిక ప్రకారం వేస్తారు, ప్రతి పనికీ ఒక మూల ధర, దాన్ని మామూలుగా 2.3తో గుణిస్తారు, కష్టమైన కేసు అని కారణం రాస్తే 3.5 దాకా పోవచ్చు. నేను పేజీలన్నీ కూర్చుని చూశా, ఇంకేం పని ఉంది. ఒకే రోజు ఒకే పని రెండు సార్లు పడిన చోటు ఒకటి దొరికింది. మా అమ్మాయి ఉత్తరం రాస్తే రెండు నెలలకి ఆ మొత్తం వెనక్కి పంపారు, సారీ మాత్రం లేదు. డిశ్చార్జి కాగితం మొత్తం జర్మన్‌లో ఇచ్చారు, ఇంగ్లీషులో ఇవ్వండి అంటే దానికి వేరే ఫీజు, వేరే గడువు. అంత డబ్బు తీసుకున్నచోట ఇది నాకు నచ్చలేదు.

విమానం ఎప్పుడెక్కాలన్నది మన ఇష్టం కాదు. ఛాతీ తెరిచినవాడికి లోపల గాలి చిక్కుకుని ఉంటే పైకి వెళ్లాక అది ఉబ్బుతుంది, అందుకని ఎక్స్‌రే తీసి, బాగుందని కాగితం ఇచ్చాకే పంపారు. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా పొట్ట మీద సూదులు నేనే వేసుకున్నా. వీసా ముగింపు దగ్గరపడింది, ఇంకో స్పాంజి మార్చాల్సి వచ్చి ఉంటే పొడిగింపు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే పనే. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి చెన్నై, అక్కడి నుంచి కారులో తిరుత్తణి మీదుగా ఇల్లు.

ఇంటికొచ్చిన రోజే మొదటి దెబ్బ. నా పేగు గొట్టం మూతి యూరప్‌లో ఇప్పుడు వాడే కొత్త రకం, మరతో బిగించేది. మెడికల్ షాపుల్లో ఉన్న సిరంజిలు ఏవీ దానికి పట్టవు. అక్కడ అలా పెట్టింది మంచికే, పొరపాటున సెలైన్ గొట్టానికి తగిలించకుండా ఉండటానికి. కానీ చిత్తూరులో రాత్రి తొమ్మిదికి ఆ మంచి ఎవరికి కావాలి? మా బావమరిది వెల్లూరు వెళ్లి మధ్యలో తగిలించే ముక్క ఒకటి వెతికి తెచ్చాడు. మీరెవరైనా వెళ్తే వచ్చేటప్పుడు ఒక డబ్బా సిరంజిలు అడిగి తెచ్చుకోండి, చాలా చిన్న ఖర్చు.

ఇక తిండి. దీని గురించి సర్జన్లు పది నిమిషాలు చెప్తారు, మనం జీవితాంతం చేయాలి. ఇప్పుడు నాకు పొట్ట అనే సంచి లేదు, ఒక గొట్టం ఉంది. అందుకని పూట భోజనం అన్న మాటే లేదు, రెండు గంటలకోసారి గుప్పెడు. అన్నంతో పాటు నీళ్లు తాగకూడదు, అరగంట తేడా ఉండాలి. తీపి తింటే డంపింగ్ అంటారు, తిన్న పావుగంటకే గుండె దడ, చెమటలు, కడుపులో మెలి, కళ్లు మసకలు. కొందరికి రెండు గంటల తర్వాత షుగర్ పడిపోయి వణుకు వస్తుంది, నాకు రెండూ ఉన్నాయి. మామిడి ఫ్యాక్టరీలో బతుకంతా గడిపినవాణ్ణి, తోతాపురి కాలంలో ఇంటికొచ్చినవాళ్లు బుట్టలు తెస్తే నేను రెండు ముక్కలు ఊరుబిండి పచ్చడితో తిని ఊరుకోవాలి. తిరుపతి నుంచి ఎవరైనా లడ్డు తెస్తే వేలి గోరంత. "ప్రసాదం కదా, ఏమీ కాదు తినండి" అంటారు. స్వామిని అడ్డం పెట్టుకుని బలవంతం చేసేవాళ్లతో వాదించడం కీమో కంటే కష్టం.

పడుకునేది కూడా మారింది. పైనా కిందా మధ్య కవాటం పోయింది కాబట్టి చదునుగా పడుకుంటే పసరు నేరుగా గొంతులోకి వస్తుంది, నిద్రలో ఊపిరితిత్తుల్లోకి పోతే నిమోనియా. మంచం తలవైపు కాళ్ల కింద ఇటుకలు పెట్టించాం. మా ఇంటావిడ నిద్రలో కిందికి జారిపోతున్నానని విసుక్కుని వేరే మంచం వేసుకుంది.

సంగటి మళ్లీ మొదలుపెట్టా. వెల్లూరులో డైటీషియన్ అమ్మాయి తమిళావిడ, కేళ్వరకు కళి (మన రాగి సంగటే) అనగానే నవ్వి, "తినండి సార్, కానీ నమలండి" అంది. సంగటి నమిలి తినడం ఎంత అవమానంగా ఉంటుందో రాయలసీమవాళ్లకే తెలుస్తుంది. గోళీకాయంత ముద్ద, పప్పులో అద్ది, నమిలి, మింగి, ఆగి, మళ్లీ ఒకటి. నేను అరగంట తింటుంటే మనవరాలు వీడియో కాల్‌లో చూసి "తాతా ఇంకా అవ్వలేదా" అంటుంది.

మిగిలిన నాలుగు కీమోలు వెల్లూరులోనే. అక్కడి డాక్టరమ్మ జర్మన్ కాగితం చేతిలో పట్టుకుని నా వైపు చూసింది. మా అమ్మాయి కూర్చుని లైను లైనుగా ఇంగ్లీషులోకి మార్చి పంపింది, అందులో ఆమెకి కావలసినవి రెండే, కోసిన అంచుల్లో క్యాన్సర్ కణాలు మిగల్లేదు అన్న మాట, తీసిన గ్రంథుల్లో ఎన్నింటికి పాకింది అన్న లెక్క. నా మీద ఆమెకి కోపం ఉంటుందనుకున్నా, పక్కనే ఉండి ఎక్కడికో పోయి చేయించుకుని వచ్చాడని. అలాంటిదేమీ లేదు, "ఇక్కడికి ఎట్లాగూ వస్తారని తెలుసు" అంది. కొన్నాళ్లకి కుట్టు చోటు బిగుసుకుపోయి మళ్లీ ముద్ద ఆగడం మొదలైతే ప్రాణం పోయినంత పనైంది, జబ్బు తిరిగొచ్చిందని. కాదు, మానేటప్పుడు ఇరుకైందంతే. బెలూన్ పెట్టి వెడల్పు చేశారు, మధ్యాహ్నానికి ఇంటికొచ్చేశా. జర్మనీ ఫోన్ చేసి అడిగితే వాళ్లూ అదే చేయమన్నారు, కానీ బెలూన్ పెట్టాల్సిన చెయ్యి ఇక్కడిదే కదా. ఆపరేషన్ అక్కడ కొన్ని గంటలు. మిగతాదంతా, స్కాన్లూ, బెలూన్లూ, బరువు చూసుకోవడం, విటమిన్ బి12, ఐరన్ లెక్కలు, ఇక్కడే. ముందే ఇక్కడ ఒక డాక్టర్ని ఒప్పించి పెట్టుకోకుండా విమానం ఎక్కొద్దు.

అయినా వెళ్లేవాళ్లకి చివరిగా కొన్ని. స్కాన్ సీడీలే తీసుకెళ్లండి, రిపోర్టు కాగితం చూసి ఏ సర్జనూ కత్తి పట్టడు. బయాప్సీ స్లైడ్లతో పాటు, తీసిన ముక్కని దాచిపెట్టిన మైనం బ్లాకులు కూడా ల్యాబ్ నుంచి అడిగి తీసుకోండి. అక్కడ తీసిన గడ్డ తాలూకు బ్లాకుల్లో ఒకటైనా వచ్చేటప్పుడు తెచ్చుకునే ఏర్పాటు చేయించుకోండి, జబ్బు తిరగబెడితే కొత్త మందు పనికొస్తుందో లేదో చూడటానికి ఇక్కడివాళ్లు ముందు అడిగేది దాన్నే. లీకయితే అదనంగా ఎంతవుతుందో రాసి ఇమ్మనండి, ఇవ్వకపోతే అంచనాలో మూడో వంతు పక్కన పెట్టుకుని కదలండి.